పావలా డాలరుకు నేను కట్టిన ధర

ఏడేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. పెద్దగా ఊహించుకోకండి. ఆరు గ్రాములకు కాస్త తక్కువ. ఒక అమెరికా నాణెం. అదీ నా దగ్గర లేదు. అయినా మోస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పేంత మంచివాణ్ణి కాను. జాలిపడదామని కూర్చున్నారేమో, ఆ శ్రమ వద్దు.

వినుకొండ బస్టాండు దగ్గర నాది ఫోన్లు బాగుచేసే కొట్టు. పక్కనే కోటయ్య అన్న పురుగుమందుల కొట్టు. “ఈడి కొట్లో బాగుచెయ్యాల్సింది ఈడొక్కడే” అని వచ్చిన ప్రతి రైతుకూ చెప్పి నవ్వించేవాడు. బజారులో జోకులేసేవాణ్ణి నేను. నా మీదే ఒక జోకు, అదీ నా జోకులకన్నా మంచిది, రోజూ పేలుతుంటే ఎలా అరుగుతుంది? అతనంటే నాకు ఒళ్ళు మంట. ఇది చెప్పకపోతే మిగతాదంతా పొరపాటులా కనిపిస్తుంది. పొరపాటు కాదు.

వాళ్ళమ్మ మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసింది. కూతురు రమణమ్మ పుట్టిన రోజున అక్కడి అమెరికా డాక్టరమ్మ పసిదాని గుప్పిట్లో ఒక నాణెం పెట్టిందట. ముసలామె దాన్ని చనిపోయేదాకా తన వక్కల సంచిలో దాచింది. దినకర్మలయ్యాక ఆ సంచి కోటయ్య అన్న చేతికొచ్చింది. నాణెం తనకిమ్మని రమణమ్మ అడిగింది. అతనికి చెల్లెలు, నాకు వరసకు అక్క. ఇచ్చే ముందు అతను నా దగ్గరికొచ్చాడు. సన్నటి సర్క్యూట్లు చూసే భూతద్దం ఈ వీధిలో నా ఒక్కడికే ఉంది మరి.

“ఒరేయ్, ఇదెంత చేసిద్దో చూడు.”

చూశాను. ఒకవైపు జుట్టు వెనక్కి కట్టుకున్న దొర, ఇంకోవైపు గద్ద. పావు డాలరు. సంవత్సరం 1967. అంచు తిప్పి చూస్తే ఎర్రటి గీత. అంటే లోపల రాగి. 1964 దాకా వచ్చినవాటిలో అయితే వెండి ఉంటుంది. ఇలాంటివి అక్కడ కోట్లకొద్దీ తిరుగుతుంటాయి. ఇది కూడా బాగా తిరిగి అరిగిందే. మన డబ్బుల్లో ఇరవై రూపాయలు పలకదు. రెండు నిమిషాల్లో ఫోన్లో ఇదంతా తేలిపోయింది.

“కూర్చో అన్నా,” అన్నాను.

“ఏందిరా?”

“అసలు వెండి. ఆ యేడు చానా తక్కువ కొట్టారంట. అయిదు లక్షలకు తగ్గదు.”

“ఎక్కిరిస్తన్నావా?”

“నవ్వుతున్నానా?”

అతను నాణేన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు. “చెల్లికి చెప్పబాక.”

అక్కడ నవ్వేయాలి. ‘ఇరవై రూపాయలకే చెల్లిని అమ్మేశావేందన్నా’ అనాలి. బజారంతా ఏడాదిపాటు చెప్పుకునేది. ఎందుకు అనలేదు? అతను ఆ కాసేపట్లోనే అంత చిన్నవాడైపోవడం నాకు బాగుంది. ఇంకాసేపు చూద్దామనిపించింది. ఆ కాసేపే ఏడేళ్ళయింది.

కోటప్పకొండ తిరునాళ్ళలో, జనంలో, నాణెం ఎక్కడో పడిపోయిందని చెల్లితో చెప్పాడు. ఆమె నమ్మలేదు. పిల్లల మీద ఒట్టేయమంటే వేశాడు. దాంతో మాటలు ఆగిపోయాయి. నేను అబద్ధం మాత్రమే చెప్పాను, దురాశ అతనిదేగా అని నాతో నేను ఎన్నిసార్లు వాదించుకున్నానో లెక్కలేదు. ప్రతిసారీ నేనే గెలిచాను. ప్లీడరూ నేనే, జడ్జీ నేనే అయ్యాక ఓడిపోవడం కష్టం.

మూడేళ్ళ క్రితం రమణమ్మ అక్క కూతురి పెళ్ళి. ముహూర్తానికి పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ తేవాలి. ఆ వేళకు మేనమామ కొట్టు తెరుచుకుని రైతులకు మందు డబ్బాలు అందిస్తున్నాడు. పిలవలేదు, రాలేదు. మేనమామ ఎవరని పంతులుగారు రెండుసార్లు కేకేశారు. అక్క పందిరంతా చూసి, నా దగ్గర ఆగింది.

“నువ్వు పట్టు తమ్ముడూ. ఇంటి మనిషివి నువ్వే.”

పట్టాను. ఫోటోల్లో పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ఉన్నాను. కాదనడానికి నోరుందిగా? నోరే కదా నా వృత్తి. కాదనే మాట రాలేదు.

అతను ఇప్పటికీ ఆర్నెల్లకోసారి షట్టర్ పక్కకొచ్చి, రేటు పెరిగిందా అని అడుగుతాడు. ఇంకెవరికైనా చూపిస్తే చెల్లి దాకా పోతుందని అతని భయం. మొన్న కూడా అడిగాడు. ఆగమన్నాను. నిజం చెబితే ఆ సాయంత్రానికే నాణెం అక్క చేతిలో ఉంటుంది. ఇరవై రూపాయల కోసం ఎవరూ ఒట్టు మీద నిలబడరు. తర్వాత ఇద్దరూ కలిసి నా కొట్టుకొస్తారు. ఆ రావడం తలుచుకునే ఆగమంటున్నాను. పైగా అక్క నన్ను తమ్ముడూ అంటుంది. ఊరగాయ పెడితే మొదటి జాడీ నాకే వస్తుంది. అతని చోట కూర్చుని తింటున్నాను. బాగానే ఉంటుంది.

దీని తర్వాత వెళ్ళి చెబుతాననుకోకండి. ఆ మాట ఇవ్వను. మీకు చెప్పడం ఆమెకు చెప్పడం కాదని తెలుసు.

ఆ అన్నాచెల్లెళ్ళను విడదీసింది నేను. కావాలనే. ఈ రెండు ముక్కలు రాయడానికి ఏడేళ్ళు పట్టింది. తిరిగి చదువుకున్నాను. ఎక్కడా నవ్వు రాలేదు. అలాగే ఉంచుతున్నాను.