నాదర్‌గుల్ తోటలో ఆయమ్మ భోజనాలు

కొత్తపేటలోని ఆ ప్రైవేటు బడిలో యాదలక్ష్మిని పిల్లలెవరూ పేరుతో పిలవరు. అందరికీ ఆమె ఆయమ్మ. పొద్దున బస్సు దిగే చిన్నపిల్లల చేయి పట్టుకుని తరగతులకు చేర్చడం, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల మూతలు తీసివ్వడం, సాయంత్రం మళ్లీ బస్సెక్కించడం ఆమె పని. పన్నెండేళ్లుగా చేస్తోంది. సొంతూరు మునుగోడు వైపు. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడు నీళ్లకు మోకాళ్లు బిగుసుకుపోయి, నలభై రెండేళ్లకే కింద కూర్చోలేని మనిషయింది. తెలంగాణ వస్తే ఊరికి మంచినీళ్లు వస్తాయని ఆమె నమ్మకం. ఉద్యమంలోకి ఎవరూ పిలవకుండానే వెళ్లింది.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలై బడులు మూతపడ్డాయి. ఒకరోజు ఎల్బీనగర్ చౌరస్తాలో ఆడవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. యాదలక్ష్మి కూడా గరిటె పట్టుకుని నిలబడి నినాదాలిచ్చింది. "ఆంధ్రోళ్లు వాపస్ పోవాలె" అన్నది కూడా వాటిలో ఉంది. అలా అరుస్తూ తల తిప్పితే, ట్రాఫిక్‌లో ఆగిపోయిన ఆటోలో రెండో తరగతి ఇంద్రాణి, పక్కన ఆ పిల్ల నాయనమ్మ వెంకాయమ్మ కనిపించారు. పిల్ల రెప్పవేయకుండా తననే చూస్తోంది.

సమ్మె ముగిసి బడి తెరిచాక ఇంద్రాణి బస్సు దిగి, ఆయమ్మ చేయి అందుకోకుండా పక్కనుంచి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఒక్కతే కాదు. మధ్యాహ్నం పిల్లలు రెండు గుంపులుగా కూర్చుని తింటున్నారు. ఎవరి అమ్మానాన్నలది ఏ ఊరో అడిగి మరీ చోటిస్తున్నారు. వారం తిరక్కుండానే ఇంద్రాణి తండ్రి త్రినాథరావు టీసీ కావాలని ప్రిన్సిపాల్ సూర్యప్రభ మేడంను అడిగాడు. ఆ సంగతి తెలిసి యాదలక్ష్మి నేరుగా మేడం గదికి వెళ్లింది.

"మేడం, కార్తీకమాసం కద. పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని తీస్కపోయి వనభోజనాలు పెడ్దాం. నాదర్‌గుల్‌ల మా ఆడబిడ్డోళ్లు చూస్కునే మామిడితోట ఉంది."

"ఇప్పుడెవరొస్తారు లక్ష్మీ?"

"నేను పోయి పిలుస్త."

ఇంట్లో భర్త బక్కయ్యకు ఇది నచ్చలేదు. ఆటో నడుపుకుంటూనే ఊరేగింపులన్నిటికీ వెళ్లిన మనిషి.

"నిన్నటిదాక పొమ్మన్నవ్. ఇయ్యాల బువ్వకు పిలుస్తవా? బస్తీల ఏమంటరో ఎరికేనా?"

"అననీ. చిన్నపిల్ల నన్ను చూసి భయపడ్డది. గదే నాకు మింగుడు పడ్తలేదు."

ఆ సాయంత్రమే ఆమె చైతన్యపురిలో వెంకాయమ్మ ఇంటి తలుపు తట్టింది. ముసలావిడ తలుపు సగమే తీసింది.

"వెళ్లిపొమ్మని చెప్పడానికి ఇంటిదాకా వచ్చావా?"

"కాదమ్మా. ఆ రోజు అరిచిన. అరవలేదని అబద్ధమాడ. తెలంగాణ కావాలని ఇప్పటికీ అంట. మా ఊరి నీళ్లకు నా కాళ్లు ఇట్లయినయ్, జర చూడుండ్రి. గని మిమ్ముల పొమ్మన్నది తప్పు. పిల్ల మొఖం చూసినంక నాకు నోరు పెగల్లేదు."

వెంకాయమ్మ ఆ వంకర కాళ్లవైపు చూసింది. లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి వేసింది.

"రేపల్లె నుంచి వచ్చి ఇరవయ్యారేళ్లయింది. మా ఆయన పోయిందీ ఇక్కడే. ఇప్పుడెక్కడికి వెళ్లమంటావు?"

"ఏడికీ పోవద్దు. ఆదివారం నాదర్‌గుల్‌కు రాండ్రి. నేను పొయ్యికాడ వంగలేను. పులుసు మీరే చెయ్యాలె."

వెంకాయమ్మ కాఫీ అయితే ఇచ్చింది కానీ, వస్తానని అనలేదు.

ఇలా యాదలక్ష్మి నొప్పి కాళ్లతో నలభై ఇళ్లు తిరిగింది. కొందరు తలుపే తీయలేదు. ఆదివారం పాతిక కుటుంబాలు వచ్చాయి. అందరికంటే ముందు తోటకు చేరింది వెంకాయమ్మే, కొడుకుని, మనవరాలిని వెంటబెట్టుకుని. చీర కొంగు బిగించి పొయ్యి దగ్గర కూర్చుంది. ముక్కల పులుసులో ఆవిడ బెల్లం వేస్తుంటే యాదలక్ష్మి ఆపబోయింది.

"పులుసుల బెల్లమెందుకమ్మా, పాయసమా ఇది?"

"నీ పచ్చిపులుసు జోలికి నేనొచ్చానా? నువ్వూరుకో."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. అయినా వడ్డించే వేళకు మళ్లీ రెండు బంతులే అయ్యాయి. ఈ ఊళ్లవాళ్లు ఒకవైపు, ఆ ఊళ్లవాళ్లు ఒకవైపు. అంతలో గట్టిగా గాలి వీచి, పరిచిన విస్తరాకులు ఎగిరి తోటంతా చెదిరిపోయాయి. పిల్లలు కేకలు పెడుతూ వాటి వెంట పరుగెత్తారు. పైన ఏదో శిక్షణ విమానం తక్కువ ఎత్తులో పోతే అందరూ ఆగి దానికి చేతులూపారు. మళ్లీ ఆకుల వెంట పడ్డారు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరి బంతి ఎక్కడో గుర్తులేక, దొరికిన చోట కూర్చున్నారు. ఇంద్రాణి పక్కన బక్కయ్య తమ్ముడి కూతురు జ్యోతిక కూర్చుంది. ఇద్దరి దగ్గరా కలిపి ఒక్క ఆకే ఉంది. వాళ్ల కోసం పెద్దవాళ్లు కూడా జరిగి చోటిచ్చారు.

"ఆయమ్మా, నాకు పచ్చిపులుసు వెయ్యి," అంది ఇంద్రాణి.

యాదలక్ష్మి వడ్డించి, కొంగుతో మొహం తుడుచుకుంటూ చెట్టు వెనక్కి వెళ్లింది. నచ్చకపోయినా వెంట వచ్చిన బక్కయ్య అది చూశాడు. గరిటె తను అందుకున్నాడు.

త్రినాథరావు మళ్లీ టీసీ అడగలేదు. ఆ తర్వాతి వేసవిలో వేరే రెండు కుటుంబాలు మాత్రం విజయవాడ వెళ్లిపోయాయి. ఆ ఇళ్లకు ఇంకోసారి వెళ్లి ఉంటే బాగుండేదని యాదలక్ష్మి చాలాకాలం అనుకుంది. వనభోజనాలు ఏటా సాగాయి. రాష్ట్రం వచ్చిన 2014లో నాదర్‌గుల్‌కు మూడు బస్సులు పెట్టాల్సి వచ్చింది. రెండేళ్ల తర్వాత కాళ్లు పూర్తిగా మొరాయించడంతో ఆమె పని మానేసింది. అయినా ప్రతి కార్తీకంలో బడి నుంచి ఎవరో ఒకరు వచ్చి ఆమెను తోటకు తీసుకెళ్తారు. సమ్మె సంగతి తెలియని పిల్లలు కూడా ఆ వనభోజనాలను ఆయమ్మ భోజనాలనే అంటారు.

మొన్న ఒక చిన్నపిల్ల ఆ పేరు ఎందుకొచ్చిందని ఆమెనే అడిగింది.

"ఏమో బిడ్డా," అంది యాదలక్ష్మి. "తిను, చల్లారిపోతది."