కాపీలో పడని లేత నీలం

రాజ్యాలు ఎలా పుట్టాయో, ఎలా కూలాయో పూసగుచ్చినట్టు రాసిన చరిత్రకారులు, మా వీధి జిరాక్సాయన ఏ కాగితం చేతికొచ్చినా రెండు కాపీలు తీసే అలవాటును మాత్రం వదిలేశారు. ఇది క్షమించరాని లోపం. కరెంటు బిల్లుకి రెండు, పక్కింటాయన మందుల చీటీకి రెండు. "అసలుది పోతే?" అంటాడు. "కాపీ కూడా పోతే?" అనీ తనే అంటాడు. అందుకని రెండు.

పాతికేళ్లుగా ఆ మెషిన్ పక్కన నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకీ ఆయన చేసే హితబోధ ఒకటే: "నల్ల సిరాతో రాయండి బాబూ. లేత నీలం కాపీలో పడదు."

ఆయన మరదలు ఒక కంపెనీ జట్టులో పన్నెండేళ్లు జీతానికి పరిగెత్తింది. మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాక మానేసి, ఇప్పుడు ఈతకొలను గేటు దగ్గర టికెట్లు చింపుతోంది. ఆమె పాత శిక్షణ పుస్తకం అక్కగారింటి అటక మీద బయటపడటమే ఆ సంసారానికి చేటు తెచ్చింది. జిరాక్సాయన దాన్ని కళ్లకద్దుకుని, వారం పట్టిక ఉన్న పేజీని పెద్దది చేసి, పైన "ఛాంపియన్ నుంచి కుటుంబానికి జీవిత పాఠాలు" అని అచ్చేసి, లామినేషన్ చేసి హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి తగిలించాడు.

పట్టికలో బుధవారం, ఆదివారం గళ్లు ఖాళీ. ఖాళీ చూస్తే ఆయనకి ప్రాణం ఒప్పదు. ఒకదాంట్లో "మెట్లు", రెండోదాంట్లో "దూరం పరుగు" అని తనే నింపేశాడు. నాలుగో రోజుకే భార్య గరిటె చూపించి "నా జోలికి రాకండి" అనేసింది. దాంతో పాఠాలన్నీ పదమూడేళ్ల కూతురి కాళ్ల మీద పడ్డాయి. నెలాఖరు ఆదివారం జరిగే అయిదు కిలోమీటర్ల పోటీకి పిల్ల పేరు కూడా ఇచ్చేశాడు.

పోటీ నాలుగు రోజులుందనగా మరదలు వచ్చింది. పిల్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆన్చి, పక్కవాటుగా దిగుతోంది.

"ఇలా రా." మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. పిల్ల పెదవి కొరుక్కుంది.

"ఎన్నాళ్లనుంచే?"

"మూడు వారాలు పిన్నీ. నాన్నతో అనకు. మీ పిన్ని ఎప్పుడైనా నొప్పి అందా, అంటాడు."

మరదలు గోడ మీది పట్టికను పీకి చంకలో పెట్టుకుంది. అసలు పుస్తకం వెతికి తీసుకుని తిన్నగా షాపుకి నడిచింది.

"బావా, ఈ ఆదివారం గడిలో ఏముంది?"

"దూరం పరుగు. ఖాళీగా ఉంటే, నువ్వు రాయడం మర్చిపోయావేమోనని నేనే..."

పుస్తకం తెరిచి కౌంటర్ మీద కొట్టింది. అదే గడిలో, లేత నీలం పెన్సిల్‌తో, కోచ్ రాత: "విశ్రాంతి. కాలు కదిపితే ఊరుకోను."

"లేత నీలం కాపీలో పడదని ఊరంతా చాటేది ఎవరు? మెషిన్‌కి కనపడలేదు, సరే. నీ కళ్లకేమైంది?"

"అది కాదమ్మా, కష్టపడితేనే కదా ఛాంపియన్లు..."

"కష్టపడ్డందుకు జీతమిచ్చారు. పడుకోమని కూడా జీతమిచ్చారు! పడుకోకుండా దొంగచాటుగా పరిగెత్తిన ఏడాదే నా మోకాలు పోయింది. ఇంటిల్లిపాదీ నేర్చుకోవాల్సిన పాఠం అదొక్కటే. దాన్ని మింగేసి, పైన నన్ను ఛాంపియన్ని చేస్తావా?"

వెనక నిలబడినాయన దరఖాస్తు ముందుకు చాచి, "నాది ఒక్క పేజీయేనండీ" అన్నాడు.

"ఆగండి!" అని బావా మరదలూ ఒక్క గొంతుతో కసిరారు.

"నొప్పని అది ఒక్కసారైనా చెప్పలేదు" అని గొణిగాడు జిరాక్సాయన.

"చెప్పనిచ్చావా? నన్ను గోడకి వేలాడదీసి దాని నోరు నొక్కావు. సిగ్గుండాలి!"

ఎక్స్‌రేలో వెంట్రుకంత పగులు కనిపించింది. ఆరు వారాలు పరుగు మాటే ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఆ తర్వాత మరదలు బావతో నేరుగా మాట్లాడలేదు. ఆయన ఎదురుగా ఉన్నా అక్క చేత చెప్పించింది.

ఆదివారం పోటీ జరిగింది. పరిగెత్తడానికి నలుగురే వచ్చారు. నలుగురికీ ఒకే రకం సర్టిఫికెట్ ఇచ్చి పంపారు.