కాటుక మీసం

మా వైపు గుండు ఎవరికీ వింత కాదు. తిరుమల కొండ దిగే బస్సు ఏదెక్కినా గుండ్లే. చిక్కంతా మీసంతో వచ్చింది. నా తలనీలాలతో పాటు అదీ పోయింది, సరిగ్గా చిత్తూరు నుంచి ఒక సంబంధం వచ్చి, వారంలోగా అబ్బాయి ఫోటో పంపమన్నప్పుడు. ఏ మొక్కు కోసం ఇచ్చానో అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. నాయన నా మొహం చూడకుండానే అన్నం తిని లేచేవాడు. ఆయన తన మీసానికి రోజూ నూనె రాసుకునే మనిషి. మీసం లేని కొడుకును చూపించి పిల్లనడగడం ఆయనకు తలవంపులు.

ఊళ్లో ఫోటో స్టూడియో ఆయన ఉపాయం చెప్పాడు. గదిలో తీస్తే గుమాస్తాలా కనిపిస్తానట, మగతనం బండల మీదే తేలుతుందట. నేను టైపింగ్ నేర్పి బతికేవాణ్ణి. గుమాస్తాలా కనిపిస్తే తప్పేమిటో నాకు అర్థం కాలేదు. అయినా నాయనతో కలిసి ముగ్గురం చంద్రగిరి దగ్గర గుట్టకు వెళ్లాం. స్టూడియో ఆయన నా గుండుకు తలపాగా చుట్టి, కాటుకతో మీసం దిద్దాడు. ఒక కాలు బండ మీద పెట్టమన్నాడు, నవ్వొద్దన్నాడు, కింద కనిపించే పొలాలన్నీ నావే అన్నట్టు చూడమన్నాడు. మాకున్న కాస్త చేను అటువైపు లేదు.

ఎండకు చెమట పట్టి మీసం పెదవి మీదికి కారింది. మళ్లీ దిద్దితే మళ్లీ కారింది. స్టూడియో ఆయనకు విసుగొచ్చింది.

"ఇంత అర్జంటు ఏమొచ్చిందబ్బా? పెండ్లయినాంక ఇయ్యకూడదా మొక్కు?" అన్నాడు.

నాకూ విసుగ్గానే ఉంది. వేలూరులో నాయనకు ఆపరేషన్ జరుగుతున్నప్పుడు మొక్కుకున్నానని, ఆయన లేచి తిరుగుతుంటే ఇంకా వాయిదా వేయడం ఇష్టం లేకపోయిందని చెప్పేశాను.

నాయన కాసేపు తన చెప్పులు చూసుకున్నాడు. తర్వాత దగ్గరికొచ్చి, కండువా కొసతో నా పై పెదవి తుడిచాడు. నాకు మీసమొచ్చిన నాటి నుంచి ఆయన నా మొహం మీద చెయ్యి వేయలేదు. సిగ్గేసింది. సంతోషంగానూ ఉంది. తలపాగా కూడా ఆయనే విప్పాడు.

"ఇట్లే తీయప్పా. వాళ్లు అడిగితే నేను చెప్పుకుంటా," అన్నాడు.

వాళ్లేమీ అడగలేదు. ఫోటో తిప్పి పంపారు. ఆ ఏడంతా ఇంటికి ఎవరొచ్చినా, పాలవాడైనా సరే, నాయన ఆ ఫోటో తీసి చేతిలో పెట్టేవాడు. మీసమేదని వాళ్లు అడిగేదాకా వదిలేవాడు కాదు.