మండెలో పెట్టిన మూట

మా అత్త విత్తనాల కుండలను ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. వంటింటి మూలన ఏడు కుండలు, మూతికి గుడ్డ కట్టి, పైన పేడ మెత్తి ఉండేవి. అన్నింటికన్నా చిన్నదానిలో గంజాయి గింజలుండేవి.

మా ఊరు వర్ధన్నపేటకు నడిచి పోయేంత దూరం. అప్పట్లో మా వాడకట్టులో గొడ్లున్న రెండు మూడు ఇళ్ల వెనుక ఒక్కో గంజాయి చెట్టు ఉండేది. తాగడానికి కాదు. బర్రె పారుకుంటే విరేచనాలు కట్టడానికి ఆకు నూరి బెల్లంలో పెట్టి మింగించేవారు. పశువుల దవాఖాన వర్ధన్నపేటలో ఉంది కానీ, పారుకునే బర్రెను అంత దూరం ఎవరూ నడిపించరు. మాకున్నది ఒక్క బర్రె. దాని పాల మీదే ఇల్లు నడిచేది.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు పక్కింటి మేక ఆ చెట్టును మొదలు దాకా మేసింది. మేక ఒక రోజంతా పడుకుని లేచింది. చెట్టు మాత్రం మళ్లీ చిగురించలేదు. కుండలో మిగిలినవి పాత గింజలు. అత్త వాటిని రెండుసార్లు నేలలో పెట్టి చూసింది, ఒక్కటీ రాలేదు. ఇక గుప్పెడు ఉన్నాయి.

యాసంగి పనులు మొదలయ్యేటప్పుడు, నర్సంపేటలో ఉన్న ఆడబిడ్డ కాన్పుకు అత్త పోవలసి వచ్చింది. పోతూ పోతూ ఆ గుప్పెడు నా చేతిలో పోసింది.

“తడిగుడ్డల కట్టి పొయ్యి పక్కన పెట్టు పిల్లా. మొలకచ్చినై అచ్చినట్టు మన్నుల పెట్టు. ఇవి గూడ పోతే ఇగ మనింట్ల ఇత్తునం లేదు.”

“గట్లనే అత్తమ్మా.”

“గట్లనే అంటవ్, మర్సిపోతవ్.”

అప్పటి దాకా పొయ్యి నాది, విత్తనం ఆమెది. ఆమె నా చేతికిచ్చిన మొదటి విత్తనం అదే. అవి మొలవకపోతే రెండోది ఇవ్వదని నాకు తెలుసు.

పొయ్యికి దగ్గరగా పెడితే గుడ్డ ఆరిపోయేది. జరిపి పెడితే చల్లబడేది. అది చలికాలం. మూడు రోజులైనా గింజ కదల్లేదు. అప్పుడే నా భర్త తుకానికి, అంటే నారు పోయడానికి, వడ్లు నానబెట్టి మండె కట్టాడు. నానిన వడ్లను గోనెసంచిలో పోసి, గడ్డి కప్పి, పైన రాళ్లు పెడతారు. లోపల వేడి పుట్టి మొలక వస్తుంది. ఎంత చలిలోనైనా ఆ సంచిలో చేయి పెడితే జ్వరం వచ్చిన పిల్ల కడుపు తాకినట్టుంటుంది. వడ్లకు సరిపోయే వేడి వీటికి సరిపోదా అనుకున్నాను. మూటను సంచి మధ్యలో దూర్చాను. గట్టిగా కడితే మొలక నలుగుతుందని ముడి వదులుగా వేశాను. నా భర్తకు చెప్పలేదు, చెబితే వద్దంటాడని.

రెండు రోజుల తర్వాత నేను బర్రెకు గడ్డి కోసుకుని వచ్చేసరికి ఖాళీ గోనెసంచి గోడ మీద ఆరుతోంది. పొలానికి పోయాను. అతను తుకం చల్లడం అయిపోయి కాళ్లు కడుక్కుంటున్నాడు.

“సంచిల మూట ఉండాలె గదా?”

“ఏం మూట?”

“గుడ్డమూట. నడిమిట్ల పెట్టిన.”

“గుడ్డపీలిక ఒకటచ్చింది. దులిపి ఒడ్డు మీదేసిన. ఏముండె అండ్ల?”

చెప్పాను. మడి వంక చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

“అయితే ఈయేడు మనింట్ల బువ్వ తిన్నోళ్లు మల్ల లేవరిగ.”

“నవ్వకు. అత్తమ్మ రేపత్తది.”

“నాకేం ఫికర్? నువ్వే చెప్పుకో.”

మర్నాడు పొద్దున అత్త బస్సు దిగి వచ్చింది. పక్కింటావిడ చెప్పకముందే నేను చెప్పాలనుకున్నాను. ఆమె కాళ్లు కడుక్కుంటుండగానే అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె చెంబు కింద పెట్టి అడిగింది.

“మడిల నీళ్లు తీసిండా?”

“పొద్దుగాల్నే తీసిండు.”

“ఏ దిక్కుకు?”

పలుచటి నీళ్లలో వడ్లు చల్లి, మర్నాడు ఒడ్డుకు చిన్న గండి కొట్టి ఆ నీళ్లు వదులుతారు. బరువైన వడ్లు బురదలో కుదురుకుంటాయి. తాలు తేలిపోయి గండి దగ్గర చేరుతుంది. అత్త నేరుగా అక్కడికే పోయి కూర్చుంది. తాలును దోసిళ్లతో ఎత్తి నా కొంగులో పోసింది. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా ఇద్దరం ఏరాం. బూడిద రంగు గింజలు పదకొండు దొరికాయి. రెండు పగిలి, తెల్లటి మొన కనిపిస్తోంది.

ఆమె ఆ రెండింటినీ అరచేతిలో చాలాసేపు ఉంచుకుంది.

“మండెల పెట్టుమని ఎవలు చెప్పిండ్లు నీకు?”

“ఎవలు చెప్పలే.”

“ముడి బిగ్గ కట్టాలె, మొద్దుమొకమా.”

కొట్టం వెనుక రెండూ పెట్టాము. ఒకటి బతికింది. ఆ చెట్టు గింజలు కుండలో పోసిన రోజు, మూతికి గుడ్డ కట్టమని నాకే ఇచ్చింది. ఆ తర్వాత మిగతా కుండలు కూడా ఒక్కొక్కటీ నా చేతికే వచ్చాయి.

పది పన్నెండేళ్లకు ఊళ్లో డప్పు కొట్టి చాటారు. ఎవరి పెరట్లో గంజాయి చెట్టు కనబడినా జైలేనన్నారు. అత్త అప్పటికి మంచం దిగడం లేదు.

“పీకెయ్,” అంది.

“గింజలో?”

“అవి గూడ.”

అప్పుడప్పుడే నేను మా బిడ్డ పలక మీద అక్షరాలు దిద్దుతున్నాను. కుండలకు పేర్లు రాసి చీటీలు కట్టాలని ఆ రోజు కాగితం ముక్కలు కోసుకుని కూర్చున్నాను. ఆరు ముక్కలే కోశాను. చెట్టు పీకి పొయ్యిలో పెట్టాక చిన్న కుండను దించాను. దాని మూతికున్న ముడి వేళ్లకు రాలేదు. పళ్లతో విప్పాల్సి వచ్చింది. ఆ ముడి నేను కట్టిందే.