మెట్టె కాల్చిన రోజు

ఆ కాలంలో ఆడదాని సంసారం ఎట్లుందో ఆమె ముఖం చూసి కాదు, కాలి వేళ్లు చూసి చెప్పేవాళ్లు. మెట్టెలుంటే మొగుడున్నట్టు, లేకుంటే లేనట్టు. మధ్యలో ఇంకో మాటకు చోటే లేదు. అది తెలిసీ, పద్దెనిమిదేళ్ల వయసులో నేనొక మెట్టె తీసి ఇచ్చాను. (నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే రాస్తున్న మనవరాలు అప్పుడే నవ్వుతోంది.)

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఆయన ఒక కాలేజీలో, మందులు కలిపే గదిలో అటెండరు. నేను వరండాలో గాజు గొట్టాలు కడిగేదాన్ని. అక్కడి మేష్టరు ఒక గిన్నెలో ఏదో స్పిరిట్ పోసి, ఎర్రగా కాల్చిన రాగి తీగచుట్టను దానిపైన వేలాడదీసేవాడు. కింద మంట లేకపోయినా చుట్ట నిప్పులా వెలుగుతూనే ఉండేది. ఆ స్పిరిట్ ఆవిరి మారిపోయి, కళ్లు మండే ఘాటు లేచేది. ఆ రోజు వెండితో చేసి చూపాలన్నాడు. మద్రాసు నుంచి రావలసిన వెండి తీగ రాలేదు. మా ఆయన నా కాళ్ల వైపు చూశాడు.

"ఒక మెట్టె ఈయవే. మాయమ్మ సంగటి తెచ్చేలోగా మళ్లా నీ వేలికి ఉంటాది."

"ఆయమ్మ చూస్తే నన్నే సంగటి ముద్ద చేస్తాది!"

"యాడ చూస్తాది? ఇంకా శానా పొద్దుండాది."

ఇచ్చాను. మేష్టరు దాన్ని తూకం వేసి లోపలికి తీసుకుపోయాడు. కాసేపటికే ఘాటు వరండా దాకా వచ్చింది. నా కళ్ల నుంచి ధారలు. సరిగ్గా అప్పుడే, ఎన్నడూ లేనిది, అత్త పెందలాడే వచ్చింది. నా ముఖం చూసింది, కాలు చూసింది.

"మెట్టె యాడే? నా కొడుక్కేమైనాదే?"

చెబుదామంటే దగ్గు. "లోపల..." అన్నాను. ఆమె కిటికీలోంచి తొంగి చూసింది. మేష్టరు కళ్లు తుడుచుకుంటున్నాడు. చదువుకునే పిల్లలంతా జలజలా కన్నీళ్లు కారుస్తున్నారు.

"అయ్యో, అందరూ ఏడుస్తాండారే! పొద్దున సద్ది కూడా తాగకుండా పోతివి గదరా నా తండ్రీ!" అని సంగటి గిన్నె విసిరేసి గుండెలు బాదుకుంది.

ఆ పొగలోంచి మా ఆయన పట్టకారుతో మెట్టె పట్టుకుని, ఎర్రటి కళ్లతో బయటికొచ్చాడు. "ఎవరు పోయినారుమా?"

"నువ్వేరా!" అంది అత్త.

తర్వాత పట్టకారు లాక్కుని కొడుకును రెండు, మాటలతో నన్ను నాలుగు వాయించింది. మేష్టరు మెట్టెను మళ్లీ తూచి చూపాడు. "చూడు పెద్దమ్మా, రవ్వంత కూడా తగ్గలేదు. వెండి పనంతా చేయిస్తుంది, తాను మాత్రం అరగదు." (అట్లాంటి మనిషి మా ఇంట్లోనూ ఒకరున్నారు.)

అత్త చల్లబడి, "మరి బంగారమైతేనో సామీ?" అంది.

"బంగారం ఇట్లాంటి పనికి రాదు. ఊరికే మెరుస్తుంది."

అత్త నా వైపు తిరిగింది. "అందుకేనప్పా, నా కోడలు బంగారమని ఊరంతా అనేది!"

మెరుపు పోయిన మెట్టెను చింతపండుతో తోమి, ఆమే నా వేలికి తొడిగింది.

ఇప్పుడు మనవరాలు ఆ మేష్టరు చెప్పిన చదువే చదువుతోంది. కంటికి కనపడనంత సన్నగా నలిపితే బంగారం కూడా పని చేస్తుందట. అత్త ఉంటే, "మరి నిన్ను నేను నలిపింది ఎందుకనుకున్యావు?" అనేది.

మెట్టెలు తీసేసి ఎనిమిదేళ్లయింది. పెట్టె తెరిచి ఆ ఒక్కటీ అరచేతిలో పెట్టుకుంటే ఇప్పటికీ అంతే బరువు. "ఏమవ్వా, కళ్లలో నీళ్లు?" అంటుంది మనవరాలు.

"ఏం లేదు పాపా," అంటాను, "ఆ ఘాటు ఇంకా పోలేదు."