పడుకోబెట్టి చూసిన బండి

దర్జీ పని చేసే ఆ సన్నటి మనిషిని వీధిలో అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. ఆమెకు బండి మీద ఒంటరిగా దూరాలు తిరగాలని పిచ్చి. కానీ తన పాత బరువు బండి ఒరిగినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి లేపాలి. లేపినవాళ్ళు ఊరికే పోరు, ఒక సలహా కూడా పారేసి పోతారు.

"దారిలో పడితే ఎవరు లేపుతారే?" అన్నది అన్నయ్య పాట.

అందుకే అన్నయ్యతో వెళ్ళిన షోరూమ్‌లో ఒక తేలికపాటి టూరింగ్ బండిని చూడగానే ఆమె మైలేజీ అడగలేదు. ట్రయల్ బండిని గడ్డి మీదకు నడిపించుకెళ్ళి మెల్లగా పడుకోబెట్టింది.

"అయ్యయ్యో, ఏంటమ్మా ఇది!" అంటూ సేల్స్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"నువ్వు చెయ్యేశావో, నేను కొనను!"

బండికి వీపు పెట్టి, సీటుకు నడుము ఆనించి, హ్యాండిల్ పట్టుకుని కాళ్ళతో వెనక్కి నెట్టింది. బండి కాస్త మొరాయించి, నిద్ర లేచిన దూడలా నిలబడింది.

పిచ్చుకకు నవ్వు ఆగలేదు. ఆ సంబరంలో మళ్ళీ పడుకోబెట్టి, మళ్ళీ లేపింది.

"చాలు తల్లీ, బండి మీదే!" అని సేల్స్‌మన్ దండం పెట్టాడు.

అన్నయ్య అప్పటికే వెనక సీటు ఎక్కేశాడు.

"దిగన్నయ్యా," అందామె. "బండినైతే లేపుతాను. నువ్వు పడితే ఎవరు లేపుతారు?"