గురువారం నాటి టిక్కు

మా సూపరింటెండెంటు మేడమ్ పోయారన్న కబురు తార్నాక జిరాక్స్ షాపాయన ఫోన్ చేసి చెప్పాడు. "పెద్ద మేడమ్ పొద్దుగాల పోయిందట. నిద్రలనే," అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు ముందు ఏడుపు రాలేదు. హమ్మయ్య, చెప్పేశాను కదా అనిపించింది. ఆ తర్వాతే ఏడ్చాను. ఇదేం మనిషిరా అనుకోకండి, సంగతి వినండి.

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో నేను కాంట్రాక్టు ప్రోగ్రామర్ని. పిల్లలు ఆన్‌లైన్‌లో నింపే దరఖాస్తులు తయారు చేస్తాను. అందులో ఉన్న నరకం బయటివాళ్లకు తెలియదు. ఒక బ్రౌజర్‌లో చక్కగా కనిపించిన పేజీ, ఇంకో బ్రౌజర్‌లో తెరిస్తే ఫొటో గడి వెళ్లి సంతకం గడి మీద కూర్చుంటుంది. దాన్ని పక్కకు జరిపితే మూడోదాంట్లో సబ్మిట్ బటనే మాయం. ఎన్నిసార్లు తల బాదుకున్నానో!

మేడమ్‌కి కోడింగ్ ఒక్క ముక్క రాదు. బ్రౌజర్లను వాటి గుర్తు బొమ్మల్ని బట్టి పిలిచేవారు. "నక్కల సూసినవా? దిక్సూచిల సూసినవా?" అని అడుగుతుంటే గదిలో అందరం నవ్వేవాళ్లం. ఆవిడా నవ్వేవారు. కానీ ఏ దరఖాస్తయినా విడుదలకు ముందు చేతిసంచీ తగిలించుకుని క్యాంపస్ నుంచి తార్నాక దాకా నడిచేవారు. ఆ జిరాక్స్ షాపులోని పాత కంప్యూటర్ ముందు కూర్చుని, తన పేరూ తన పుట్టినతేదీతో, డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలా మొత్తం నింపేవారు. ఆఫీసులో చూస్తే చాలదా అన్నాను ఒకసారి.

"నీ కాడ మంచిగుంటె నాకేందమ్మా? పిల్లలు గాడ నింపుతరు. గాడ అయితదా లేదా, గది చెప్పు."

చివర్న 'మీ దరఖాస్తు అందింది' అని తెర మీద వచ్చాకే "పానం సల్లవడ్డది" అంటూ కళ్లద్దాలు తీసేవారట. తిరిగొచ్చి రిజిస్టరులో తేదీ వేసి టిక్కు పెట్టేవారు.

ఒక ఏడాది మోకాళ్ల నొప్పితో తను నడవలేక నన్ను వెళ్లమన్నారు. బయట మండే ఎండ. నా కంప్యూటర్‌లో నాలుగు బ్రౌజర్లలో చూశాను, అన్నిట్లో బాగానే ఉంది. ఇంక ఏం చూస్తాంలే అని, కదలకుండానే 'తార్నాక షాపు' అని రాసి టిక్కు కొట్టేశాను.

ఆఖరి రోజు మధ్యాహ్నం సీతాఫల్‌మండి నుంచి ఒకమ్మాయి ఉరుకులు పరుగులతో ఆఫీసుకొచ్చింది. "మూడు నెట్ సెంటర్లు తిరిగిన మేడమ్. పుట్టిన తేది తీస్కుంటలేదు. ఇయ్యాల దాటితె నా ఏడాది పోతది," అని గుక్కపట్టి ఏడ్చింది. నా కంప్యూటర్‌లో ఆ గడి నొక్కితే క్యాలెండర్ తెరుచుకునేది. పాత బ్రౌజర్లలో క్యాలెండర్ రాదు, ఉత్త గడి. పిల్లలు మనందరిలాగే రోజు ముందు, సంవత్సరం చివర కొట్టారు. నా ప్రోగ్రాం సంవత్సరమే మొదట ఉండాలంటూ తిప్పికొట్టింది. చూస్తుండగానే వరండా నిండా పిల్లలు.

మేడమ్ రిజిస్టరు తెరిచి చూశారు. నా వైపు చూశారు. కుంటుకుంటూ అధికారి గదికి వెళ్లారు. వెనకే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"తప్పు నాదే సార్. నేనే సరిగ సూడలె. రెండు దినాలు టైమియ్యుండ్రి."

ఆయన అందరి ముందూ ఆవిడ్ని చెడామడా తిట్టాడు. తప్పు నాదని చెప్పకుండానే వెనక్కి వచ్చి నా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గడువు దొరికింది, గంటలో గడి బాగుచేశాను, ఆ అమ్మాయి దరఖాస్తు నా ఎదురుగానే వెళ్లింది. నా సిగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆవిడ రిటైరయ్యాక కూడా, విద్యానగర్‌లో మా ఇంటి నుంచి తార్నాక వెళ్లాల్సి వస్తే వాళ్ల వీధి తప్పించి తిరిగేదాన్ని.

పోయిన నెల, ఒంట్లో బాగాలేదని తెలిసి వెళ్లాను. కూర్చోకముందే చెప్పేశాను, ఆ రోజు నేను షాపుకే వెళ్లలేదని.

ఆవిడ పకపకా నవ్వారు. "నువ్వేసిన తేది గురువారం గదమ్మా! గురువారం గా షాపు బందుంటది. రిజిస్టర్ తెర్వంగనే నాకు ఎరుకైంది."

"మరి నన్నెందుకు తిట్టలేదండీ?"

"తిడ్తె నువ్వు నౌకరి ఇడిచి పోతుంటివి. గా గడి ఎవరు బాగు చేయాలె, నేనా?" మళ్లీ తనే అడిగారు. "మల్ల ఎన్నడన్న పోకుంట టిక్కు కొట్టినవా?"

"లేదు మేడమ్. ఒట్టు."

"ఇగేంది మల్ల. చాయ్ తాగు."

ఆ చాయ్ తాగి బయటికొస్తే ఒళ్లు తేలిగ్గా ఉంది. నాకు ఆ అవకాశం ఇచ్చి వెళ్లినందుకు ఆవిడకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆవిడ్ని సాగనంపిన మూడో రోజున కొత్త దరఖాస్తు విడుదల చేయాలి. తార్నాక షాపుకు నడిచి వెళ్లాను. ఇప్పుడక్కడ కంప్యూటర్ కొత్తది, బ్రౌజర్ కొత్తది, తంటాలూ కొత్తవే. షాపాయన ఆవిడ కూర్చునే కుర్చీ తుడిచి వేశాడు. పేరు గడిలో మేడమ్ పేరు కొట్టాను. ఆవిడ పుట్టినతేదీ, రోజు ముందు. సబ్మిట్ నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. గుండ్రటి గుర్తు కాసేపు తిరిగి ఆగింది. ఆవిడ పేరు కింద ఆకుపచ్చటి అక్షరాలు: మీ దరఖాస్తు అందింది.